యాభై గ్రాముల తేడా

నవంబరు 4

ప్రియమైన అత్తకి,

కవరు మీద నా చేతిరాత చూడగానే "పిడుగుకి ఏదో పని పడింది" అనుకుని ఉంటావు. పడింది. ఫోన్ చేద్దామనుకున్నాను కానీ, ఫోనైతే మాట మధ్యలోనే పెట్టేస్తావు. ఉత్తరాన్ని అలా పెట్టెయ్యలేవుగా! పైగా ముప్ఫై ఏళ్ళుగా పోస్టాఫీసులో పనిచేస్తున్న మనిషివి, ఉత్తరం చించడానికి నీకు చేతులు రావు.

విషయం ఏమిటంటే, ఈ క్రిస్మస్‌కి నాకు సెలవు దొరకలేదు. ఆసుపత్రి ల్యాబ్‌లో ఉన్నది ముగ్గురం. ఒకామెకి నెలలు నిండాయి. ఇంకొకాయన పోయినేడు పండగ డ్యూటీ చేశాడు. ఇక మిగిలిందెవరు? మీరంతా కేకు కోసుకుంటుంటే నేను రక్తం సీసాలకి చీటీలు అంటించుకుంటూ కూర్చుంటాను. సరే, నా ఏడుపుకేం గానీ, మన ఇంటి ఏడుపు విను.

నువ్వు రావడం మానేశాక పండగ ఆటలన్నీ నాన్న చేతిలోకి వెళ్ళాయి కదా. తూనికలు కొలతల ఇన్‌స్పెక్టర్ చేతికి ఆటలిస్తే ఇంకేముంది? పోయినేడు కుర్చీలాటకి కుర్చీకీ కుర్చీకీ మధ్య దూరం టేపు పెట్టి కొలిచారు. చెంచాలో నిమ్మకాయ పెట్టుకుని పరిగెత్తే పందెం ఉందా, ఆ నిమ్మకాయలన్నీ ఒకే బరువుండాలని అరగంట తూచారు. మాట్లాడకుండా సైగలు చేసే ఆటలో బాబాయి పెదాలు కదిపాడని ఐదు మార్కులు కోసేశారు. అన్నయ్య కవలల్లో చిన్నది కుర్చీలాటలో అందరికంటే ముందు అవుటైపోయి, గోడవైపు తిరిగి గంటసేపు ఏడ్చింది. అన్నయ్య మొహం మాడ్చుకుని నాలుగింటికే అందర్నీ తీసుకుని వెళ్ళిపోయాడు. ఈసారి "కేకు తిని వచ్చేస్తాం, ఆటలకి ఉండం" అని ఇప్పట్నుంచే అంటున్నాడు. బాబాయి అయితే అసలు వస్తాడో రాడో. నేనుంటే అటొక మాట ఇటొక మాట చెప్పి సర్దేదాన్ని. ఈసారి అదీ లేదు.

పోయిన ఆదివారం ఇంటికి వెళ్ళినప్పుడు నానమ్మ నా చెయ్యి పట్టుకుని, "నా ముగ్గురు పిల్లలూ ఒక్క గదిలో ఒక్కసారి నవ్వితే చాలే, నాకింకేం వద్దు" అంది. తర్వాత గొంతు తగ్గించి, "అత్తని రమ్మని రాయి. దానికో మాట చెప్పాలి" అంది. ఏం మాటని అడిగితే చెవుడొచ్చినట్టు నటించింది.

అందుకని అడుగుతున్నాను అత్తా. ఈసారి నువ్వు వెళ్ళి ఆటలు పెట్టాలి. మన ఇంట్లో నీలాగా ఆటలు పెట్టగలిగిన మనిషి పుట్టలేదు, ఇది నీకూ తెలుసు. "మీ నాన్నతో చెప్పావా?" అని అడక్కు. చెప్పలేదు. నువ్వు ఊ అంటే అప్పుడు చెప్తాను.

నీ జవాబు కోసం రోజూ గేటు దాకా వెళ్ళొచ్చే
పిడుగు

నవంబరు 11

బంగారు తల్లీ పిడుగా,

నీ ఉత్తరం చించలేదు. రెండుసార్లు చదివాను. నిమ్మకాయలు తూచడం దగ్గర గట్టిగా నవ్వితే పక్క కౌంటరామె కంగారుపడింది. అంతవరకు సంతోషం.

కానీ నేను రాను.

నేను ఆఖరిసారి వచ్చిన ఆ పండగకి నువ్వు పరీక్షలని హాస్టల్లో ఉండిపోయావు, అందరూ తలో రకంగా చెప్పి ఉంటారు. నా నోటితో విను. మూట ఆట నేను కనిపెట్టిందే. ఇంట్లో దొరికిన నాలుగు వస్తువులు గుడ్డలో మూటకట్టి, పాట వస్తున్నంతసేపూ చేతులు మార్చుకుంటాం. చివరికి మూట ఇంట్లో పెద్దావిడ ఒళ్ళోకి వెళ్తుంది. మిగతావాళ్ళం తలలొంచుకుని, దాని బరువెంతో చీటీల మీద రాస్తాం. తర్వాత మీ నాన్న కాటా మీద పెట్టి తూస్తాడు. ఎవరిది దగ్గరైతే వాళ్ళు గెలిచినట్టు. ఏటేటా నేనే గెలుస్తాను. ఎందుకు గెలవను? రోజుకి రెండు వందల పార్సిళ్ళు ఎత్తే చెయ్యి ఇది.

ఆ ఏడాది నా చీటీలో ఒక కిలో రెండు వందల నలభై. కాటా ఒక కిలో నూట తొంభై చూపించింది. యాభై గ్రాములు తేడా! నా చెయ్యి ఐదు గ్రాములు అటూ ఇటూ చెప్తే చెప్తుందేమో, యాభై చెప్పదు. "అన్నయ్యా, నీ కాటా ఒకసారి చూసుకో" అన్నాను. అంతే, ఇన్‌స్పెక్టర్ గారికి పొడుచుకొచ్చింది. "కాటా అబద్ధం చెప్పదు. చెయ్యే చెప్తుంది. ఆ కౌంటర్లో కూర్చుని ఇన్నేళ్ళూ ఎంతమందికి ఇలా తప్పు తూచావో!" అన్నాడు. అందరి ముందూ అన్నాడు. కోడలి ముందు, చంటిపిల్లల ముందు.

ఓడిపోవడం నాకు బాధ కాదే. నా పనిని అన్నాడు. ఇంతకుముందు పార్సిల్ చేతిలోకి రాగానే అంకె నోట్లోకి వచ్చేసేది. జనం ముచ్చటపడి, "ఇంకోసారి చెప్పండి" అని అడిగేవాళ్ళు. ఇప్పుడూ అంకె వస్తుంది, దాని వెనకాలే మీ నాన్న గొంతు వస్తుంది. ఒక్కొక్క పార్సిల్‌నీ మూడేసిసార్లు తూస్తున్నాను. క్యూలో వాళ్ళు విసుక్కుంటున్నారు. ఐదేళ్ళుగా ఇదీ నా బతుకు.

మీ నాన్న ఆ కాటా తప్పని అందరి ముందూ ఒప్పుకోమను. మరుసటి బస్సులో ఉంటాను. లేదా, పండగ పూట నా టీ నేను పెట్టుకుని తాగుతాను. అమ్మ నాకు చెప్పాల్సిన మాటేదో ఉంటే ఉత్తరంలో రాయించమను.

నీ మీద కోపం లేని, మీ నాన్న మీద మాత్రం బోలెడంత ఉన్న
అత్త

నవంబరు 23

ప్రియమైన అత్తకి,

ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి నాలుగుసార్లు చించాను. పోస్టాఫీసులో పనిచేసేది నువ్వు, నేను కాదు కాబట్టి నాకు చేతులొచ్చాయి.

రెండ్రోజులు సెలవు పెట్టి ఇంటికి వెళ్ళాను. నీ ఉత్తరం చదివాక నాకు ఒక్కటే తోచింది. నాన్న ఊళ్ళో ప్రతి కొట్లో కాటానీ తనిఖీ చేస్తారు. మన ఇంట్లో కాటానీ ఎవరైనా తనిఖీ చేశారా? ఎవరు చేస్తారు, ఇన్‌స్పెక్టర్ గారి సొంత కాటా కదా! దీపం కిందే చీకటి ఉంటుందని నాకు గట్టి నమ్మకం కుదిరింది. నాన్న ఆఫీసుకి వెళ్ళగానే బీరువాలోంచి ఆయన ఇత్తడి తూకపురాళ్ళ పెట్టె తీశాను. మఖమల్ గుడ్డలో పడుకోబెట్టి ఉంటాయే, చెమట తగిలితే బరువు మారుతుందని మనల్ని ముట్టుకోనివ్వరే, అవే. ల్యాబ్ నుంచి తెచ్చుకున్న గ్లవ్స్ వేసుకుని, ఒక్కొక్క రాయీ కాటా మీద పెట్టాను.

వంద గ్రాములు పెడితే వంద. అరకిలోకి అరకిలో. కిలో, రెండు వందలు, నలభై కలిపి పెట్టాను. ముల్లు ఒక కిలో రెండు వందల నలభై దగ్గర కొలిచినట్టు నిలబడింది. మళ్ళీ పెట్టాను. మళ్ళీ అంతే.

కాటా సరిగ్గానే ఉంది అత్తా.

చెప్పకుండా దాచేద్దామనుకున్నాను. కానీ రేపెప్పుడో తెలిస్తే నువ్వు నన్ను క్షమించవు. అమ్మ మాత్రం, "కాటా ఎలా ఉంటేనేం, అది వస్తే ఇల్లు ఇల్లులా ఉంటుంది" అంది. నేనూ అదే అంటున్నాను.

తప్పు చేసిన దానిలా కూర్చుని రాస్తున్న
పిడుగు

నవంబరు 29

చిన్నారి పిడుగుకి,

నిజం చెప్పావు. మంచిపని చేశావు.

కాటా సరిగ్గా ఉంటే చెయ్యి తప్పినట్టేగా. మీ నాన్న అన్నదే నిజమన్నమాట. వయసు మీద పడుతోంది, ఎప్పట్నుంచి తప్పుతోందో, ఎన్ని తప్పిందో నాకే తెలీదు. కౌంటర్ నుంచి తీసేసి లోపలి గదిలో సంచులు విడదీసే పని ఇమ్మని దరఖాస్తు రాసుకున్నాను. అక్కడైతే బరువులతో సంబంధం లేదు, మనుషులతోనూ లేదు. సోమవారం ఇచ్చేస్తాను.

ఆటల సంగతి ఇంక ఎత్తకు.

అత్త

డిసెంబరు 2

నా మొండి అత్తకి,

ఎత్తుతాను. వందసార్లు ఎత్తుతాను. ముందు ఆ దరఖాస్తు డ్రాయర్లో పడెయ్యి. పండగ అయ్యేదాకా దాన్ని బయటికి తీశావంటే నా మీద ఒట్టు.

ఇప్పుడు విను. మా ల్యాబ్‌లో ఒక పెద్దావిడ ఉంది. ఏదైనా పరీక్ష ఫలితం తేడాగా వస్తే, "యంత్రాన్ని చూడండి, మనిషిని చూడండి, రెండూ సరే అయితే శాంపిల్‌ని చూడండి" అంటుంది. యంత్రాన్ని నేను చూశాను. మనిషిని ముప్ఫై ఏళ్ళుగా నీ పోస్టాఫీసు చూస్తోంది, ఒక్క ఫిర్యాదు రాలేదు. ఇక శాంపిలంటావా, ఐదేళ్ళనాటి మూటని ఇప్పుడెక్కడ పట్టుకొచ్చేది? అది తేలదు. తేలకపోతే పోనీ.

నీ చెయ్యి ఆ ఒక్కరోజు తప్పిందనే అనుకుందాం. తప్పితే ఏం? ఓడిపోయినవాళ్ళు ఆట పెట్టకూడదని ఎవరన్నారు? నాకు ఏడేళ్ళప్పుడు అన్ని ఆటల్లోనూ నేనే ఆఖరు. పరిగెత్తితే పడేదాన్ని, పాట ఆగితే కూర్చోవడం మర్చిపోయేదాన్ని. ఒక్క ఏడాదైనా ఏడ్చానా? ఏడవనిచ్చావా? "మన ఇంట్లో అవుటంటూ ఎవరూ ఉండరు, పని మారుతుందంతే" అని నన్ను పాట ఆపే పనిలో పెట్టేదానివి. అందరికంటే పెద్ద ఉద్యోగం నాదేనని నేను ఎగిరెగిరి పడేదాన్ని. ఇప్పుడు కవలల్లో చిన్నది గోడవైపు తిరిగి ఏడుస్తోంది. దాన్ని ఇటు తిప్పేవాళ్ళు ఆ ఇంట్లో లేరు. నాన్న ఈసారి ఈల కూడా కొన్నారట, అమ్మ రాసింది.

నాన్న కోసం వద్దు, నా కోసమూ వద్దు. గోడవైపు తిరిగిన దాని కోసం వెళ్ళు.

నువ్వు వెళ్తావని రాసిపెట్టుకున్న
పిడుగు

డిసెంబరు 28

నా బంగారు పిడుగుకి,

కూర్చుని చదువు. నిలబడి చదివితే పడతావు.

వెళ్ళాను. బస్సు దిగి మీ వీధి మలుపు దాకా నడిచి, అక్కడ రెండుసార్లు వెనక్కి తిరిగాను. రెండోసారి తిరిగేసరికి మీ అమ్మ రొట్టెలు పట్టుకుని ఎదురొచ్చింది. "ఎటమ్మా వెళ్తున్నావు, ఇల్లు మర్చిపోయావా?" అని చెయ్యి పట్టుకుంది, ఇక వదల్లేదు.

గుమ్మంలో మీ నాన్న. మెడలో ఈల, చేతిలో అట్ట, అట్ట మీద గళ్ళ కాగితం. నన్ను చూసి, గళ్ళ కాగితం సవరించుకుని, "ఆలస్యంగా వచ్చినవాళ్ళకి మొదటి ఆటలో చోటు లేదు" అన్నాడు. ఐదేళ్ళ తర్వాత చెల్లెలు గుమ్మంలోకి వస్తే అన్న నోట వచ్చిన మొదటి మాట ఇదీ! "నాకే ఆటలోనూ చోటక్కర్లేదు, అమ్మని చూడ్డానికొచ్చాను" అని పక్కనుంచి లోపలికి వెళ్ళిపోయాను. అమ్మ నా బుగ్గలు తడిమి తడిమి ఏడ్చింది. "ఆ రోజు... అదీ..." అని ఏదో మొదలుపెట్టింది. ఈలోపు ఈల మోగింది.

కుర్చీలాట. మొదటి రౌండులోనే మళ్ళీ ఆ చిన్నదే అవుట్. ఈసారి ఏడవలేదు పిడుగా. నిశ్శబ్దంగా వెళ్ళి బూట్లు వేసుకోవడం మొదలుపెట్టింది. ఎనిమిదేళ్ళ పిల్ల, ఏడవడం కూడా అనవసరం అనుకుంది. పెద్దది కూడా ఆటలోంచి వచ్చేసి చెల్లి పక్కన కూర్చుని బూట్లు వేసుకుంది. మీ అన్న, "ఇక బయల్దేరతాం" అని సంచి భుజానికి తగిలించుకున్నాడు. మీ బాబాయి గడియారం చూశాడు. అమ్మ మొహం చూడాలి నువ్వు.

నాకేమైందో తెలీదు. లేచి వెళ్ళి మీ నాన్న మెళ్ళోంచి ఈల తీసేసుకున్నాను. "ఆట అవ్వలేదు! కుర్చీలు తీస్తాం, మనుషుల్ని తియ్యం. పాట ఆగేసరికి అందరూ కూర్చునే ఉండాలి. కుర్చీ లేనివాళ్ళు పక్కవాళ్ళ ఒళ్ళో కూర్చోవాలి. ఒక్కరు నిలబడిపోయినా అందరం ఓడినట్టే" అన్నాను.

"అలాంటి రూలు లేదు" అన్నాడు మీ నాన్న.

"ఇప్పుడుంది. ఈల ఎవరి దగ్గరుందో చూసుకో."

పాట ఆపే పని చిన్నదానికిచ్చాను. ఒక బూటు కాలికి, ఒక బూటు చేతిలో పట్టుకుని వచ్చి నిలబడింది. ఐదు కుర్చీలు మూడయ్యాయి, మూడు రెండయ్యాయి. చివరికి ఒక్కటే మిగిలింది. అడుగున మీ బాబాయి, "పైపులు బిగించే పనిలో అరిగిన మోకాళ్ళు ఇవి, కాస్త చూసుకుని కూర్చోండర్రా!" అని ఒకటే గోల. ఆయన మీద మీ పిన్ని, ఆవిడ మీద మీ అన్న, అన్న పెళ్ళాం, ఆ పైన మీ అమ్మ, అందరి మీదా కవలల్లో పెద్దది. మీ నాన్న ఒక్కడే అట్ట పట్టుకుని నిలబడ్డాడు. "తాతయ్యా, నువ్వు కూర్చోకపోతే మనందరం ఓడిపోతాం!" అని చిన్నది అరిచింది. మీ నాన్న అట్ట కింద పెట్టాడు. కళ్ళజోడు తీసి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. వచ్చి జాగ్రత్తగా ఆ గుట్ట మీద ఓ పక్కన ఆనాడో లేదో, కుర్చీ కాలు విరిగి అందరూ కింద పడ్డారు. ఆ గుట్టలోంచి మీ నాన్న నవ్వు. వాడు నవ్వితే ఎక్కిళ్ళొస్తాయని నేను మర్చేపోయాను పిడుగా. నవ్వుతాడు, వెక్కుతాడు, మళ్ళీ నవ్వుతాడు. మీ అన్న సంచి ఎక్కడ పడేశాడో ఎవరూ పట్టించుకోలేదు.

ఆ తర్వాత నన్ను ఆపేదెవరు? పళ్ళెంలో ఇరవై వస్తువులు చూపించి, గుడ్డ కప్పి, గుర్తున్నవి రాయించాను. మీ బాబాయి అరచేతిలో రాసుకుని దొరికిపోయాడు. కళ్ళకి గంతలు కట్టి మీ అమ్మ బొమ్మ గీయమంటే మీ నాన్న గీసింది అచ్చం కుండలా వచ్చింది. "ముప్ఫై ఐదేళ్ళ కాపురం, ఇదా మీకు గుర్తున్నది!" అని మీ అమ్మ వెంటపడింది.

అప్పుడడిగింది చిన్నది, "నాన్న ఎప్పుడో చెప్పాడు, మూట ఆట అంటే ఏంటి? అది పెట్టరా?" అని. నేను వెళ్ళిపోయాక ఐదేళ్ళుగా ఆ ఆట పేరు ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదట. "వద్దులే అమ్మా" అన్నాను. మీ నాన్న లోపలికి వెళ్ళి మూట తెచ్చాడు. "పొద్దున్నే కట్టి ఉంచాను. ఒకవేళ నువ్వొస్తే అని" అన్నాడు. నా మొహం చూడలేదు, మూటనే చూస్తూ అన్నాడు.

పాట పెట్టారు. మూట నా చేతికొచ్చింది. అంకె వచ్చింది: ఒక కిలో నాలుగు వందల అరవై. వెనకాలే ఆ గొంతూ వచ్చింది. రాశాను, కొట్టేశాను, మళ్ళీ అదే రాశాను. మూట అమ్మ ఒళ్ళోంచి కాటా మీదికి వెళ్ళింది. మీ నాన్న చూశాడు. నేనూ చూశాను.

ఒక కిలో నాలుగు వందల పది.

మళ్ళీ యాభై. గ్రాము ఎక్కువ లేదు, తక్కువ లేదు. అయిపోయింది, నా చెయ్యి నిజంగానే పోయింది అనుకున్నాను. సంచి కోసం లేచాను.

"కూర్చో" అన్నాడు మీ నాన్న. చొక్కా జేబులోంచి అంటించిన కవరు తీసి చిన్నదానికిచ్చి చదవమన్నాడు. అది కవరు చింపి, కూడబలుక్కుని, గొంతెత్తి చదివింది. "ఒక కిలో... నాలుగు వందల... అరవై!"

మూట కట్టగానే అదే కాటా మీద తూచి, రాసి, కవర్లో పెట్టి అంటించాడట. "ఆ ఏడాది నేను ముందు తూచలేదు. తర్వాత ఒక్కసారే తూచి తీర్పు చెప్పేశాను. నా కింద పనిచేసేవాడు ఎవడైనా అలా చేస్తే చీల్చి చెండాడేవాణ్ణి. ఐదేళ్ళుగా నన్ను తొలిచేస్తున్నది అదే" అన్నాడు. అంటే వాడూ నిద్రపోలేదన్నమాట!

"మరి యాభై గ్రాములు ఏమైనట్టు?" అని మూట విప్పాడు. తాళం కప్ప, సబ్బు, ఊలు ఉండ, టాఫీల డబ్బా. డబ్బా మూత వదులుగా ఉంది. ముప్ఫై టాఫీలకి ఇరవై ఐదే ఉన్నాయి. కవలలిద్దరూ అడక్కముందే "ఆ" అని నోళ్ళు తెరిచి చూపించారు. మీ బాబాయి తన జేబులు తనే తడుముకున్నాడు, గుమ్మడికాయల దొంగలా. అందరూ మాట్లాడుతున్నారు, ఒక్క మనిషి తప్ప. అమ్మ పైకప్పు చూస్తూ కూర్చుంది. ఎడమ బుగ్గ ఉబ్బి ఉంది.

"అమ్మా, ఏదీ, ఒక మాట మాట్లాడు" అన్నాడు మీ నాన్న. తల అడ్డంగా ఊపింది. "ఆ అను." ఊహూ!

టాఫీ కరిగేదాకా అందరం నిలబడి ఎదురుచూశాం. నాలుగు నిమిషాలు పట్టింది, మీ నాన్న వాచీ పెట్టి చూశాడు.

"డాక్టరు తీపి ముట్టొద్దన్నాడు" అంది అమ్మ. "ఏడాదంతా ముట్టను. ఆ రోజు మీరంతా తలలొంచుకుని రాసుకుంటున్నారు, ఇలాంటి టాఫీల డబ్బా ఉన్న మూట నా ఒళ్ళో ఉంది, నా చెయ్యి ఊరుకోలేదు. ఐదు తీశాను. ఒకటి నోట్లో వేసుకున్నానో లేదో మీరిద్దరూ అరుచుకోవడం మొదలెట్టారు. చెప్దామంటే అది పళ్ళకి అతుక్కుంది. అది కరిగేసరికి నా కూతురు గుమ్మం దాటిపోయింది."

"మరి ఈ ఐదేళ్ళు?" అన్నాను.

"ముందు సిగ్గేసింది. తర్వాత రోజులు గడిచేకొద్దీ భయమేసింది. నోటితో చెప్పడం నాకు చేతకాలేదే. పొద్దున వీడు తూచి కవర్లో పెట్టడం చూశాను. అందుకే మళ్ళీ అదే పని చేశాను, అవే ఐదు తీశాను. మీరే పట్టుకుంటారని."

"పట్టుబడాలని తీసినదానివి, నోట్లో ఎందుకు వేసుకున్నావే అమ్మా?"

"ఎలాగూ దొరికిపోతాను కదా, ఒక్కటైనా తిననా?"

కోపం వచ్చింది పిడుగా. అబద్ధం ఎందుకు చెప్పాలి, ఒళ్ళు మండింది. ఐదు పండగలు ఒంటరిగా టీ తాగాను. నా చేతినే నేను నమ్మడం మానేశాను. ఒక టాఫీ కోసం! గట్టిగా ఏదో అనబోయాను. అంతలో అమ్మ కళ్ళజోడు పెట్టె తెరిచి, మిగతా నాలుగు టాఫీలూ తీసి మీ నాన్న ముందు వరసగా పెట్టింది. అది చూసి నాకు నవ్వాగలేదు. నవ్వుతూనే ఏడ్చాను. మీ నాన్నకి మళ్ళీ ఎక్కిళ్ళు. మీ బాబాయి నేల మీద కూలబడ్డాడు. అమ్మ మా ముగ్గుర్నీ చూసి తనూ మొదలుపెట్టింది. ఆ గదిలో అలాంటి నవ్వు నేను చిన్నప్పుడు కూడా వినలేదు.

అంతా సద్దుమణిగాక మీ నాన్న లోపల్నుంచి ఆఫీసు సంచి తెచ్చాడు. తనిఖీలో నెగ్గిన కాటాల కాగితాల మీద వేసే రబ్బరు ముద్ర ఉంటుందిగా, అది తీసి సిరాలో అద్దాడు. నా కుడి చెయ్యి పట్టుకున్నాడు. "ఇది మనుషుల మీద వెయ్యకూడదు. ఉద్యోగంలో చేరాక మొదటిసారి రూలు తప్పుతున్నాను" అని అరచేతిలో గట్టిగా వేశాడు. 'పరీక్షించడమైనది. సరిగా ఉన్నది.' తర్వాత అందరివైపూ తిరిగి, "కౌంటర్లో ఎంతమందికి తప్పు తూచావో అన్నాను. ఆ మాట తప్పు. అందరి ముందూ అన్నాను, అందరి ముందూ వెనక్కి తీసుకుంటున్నాను" అన్నాడు. ఇక కవలలు మాకూ ముద్ర అంటే మాకూ ముద్ర అని ఎగబడ్డారు. మీ బాబాయి నుదుటి మీద వేయించుకున్నాడు.

ఇక ఇవాళ్టి సంగతి. అసలు ఉత్తరం రాస్తున్నది దీని కోసమే.

మధ్యాహ్నం తల దించుకుని పని చేసుకుంటుంటే కౌంటర్ మీద ఒక పార్సిల్ వచ్చి కూర్చుంది. నీ పేరు, నీ హాస్టల్ అడ్రసు. తలెత్తితే మీ నాన్న! తన ఊళ్ళో నాలుగడుగుల దూరంలో పోస్టాఫీసు పెట్టుకుని, మూడు గంటలు బస్సులో వచ్చి, క్యూలో నిలబడి వచ్చాడు. ఆయన వెనకాల ఇంకా పదిమంది ఉన్నారు. పార్సిల్ తీసి నా చేతుల్లో పెట్టి, "ఎంత?" అన్నాడు.

ఆ గొంతు రాలేదు పిడుగా. అంకె ఒక్కటే వచ్చింది. "రెండు కిలోల మూడు వందల ఇరవై" అన్నాను.

జేబులోంచి పెన్ను తీసి, ఫారం మీద బరువు దగ్గర అదే అంకె రాసేశాడు. మీ నాన్న! నిమ్మకాయలు తూచిన మనిషి! "ఇదిగో, పంపించెయ్యి" అన్నాడు.

"తూచకుండా పంపితే నా ఉద్యోగం పోతుంది. కాటా మీద పెట్టన్నయ్యా."

"అక్కర్లేదు."

"ఇది నా కౌంటర్. ఇక్కడ నా మాటే రూలు. పెట్టు."

పెట్టాడు. వెనకాల ఉన్న పదిమందీ మెడలు సాచి చూశారు. ముల్లు కదిలి, ఊగి, రెండు కిలోల మూడు వందల ఇరవై దగ్గర ఆగింది. క్యూలో ఎవరో "అబ్బో!" అన్నారు. మీ నాన్న మాత్రం ముల్లు వైపు చూడనేలేదు. నన్నే చూస్తూ నిలబడ్డాడు.

నీ
పార్సిల్ కౌంటర్ అత్త